చేదు చాక్లెట్ – మందా, మిఠాయా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లెటూరు. మా అమ్మాయికి 17 ఏళ్ళు. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడు చూసినా నీరసం. సెలవులకు వచ్చినప్పుడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 ఉందన్నారు. ఐరన్ మాత్రలు వ్రాశారు. నాలుగు రోజులు వేసుకుని, కడుపులో తిప్పుతోందనీ, విరేచనం నల్లగా అవుతోందనీ మానేసింది. ఇంతలో మా ఆడపడుచు కొడుకు అమెరికా నుంచి వస్తూ డార్క్ చాక్లెట్లు తెచ్చాడు. వాటిలో ఐరన్ బోలెడుందనీ, గుండెకు మంచిదనీ, షుగరున్నవాళ్ళు కూడా తినవచ్చనీ చెప్పాడు. అప్పటినుంచి మా పిల్ల మాత్రకు బదులు రోజూ రెండు ముక్కలు అదే తింటోంది. షుగరున్న మా అత్తగారు కూడా అడుగుతున్నారు. మా కొబ్బరితోటలో కోకో చెట్లున్నాయి కదా, ఆ గింజలే వేయించి పొడి చేసుకుంటే పోలేదా అని మావారంటున్నారు. ఇందులో ఏది నిజమో చెప్పగలరు.
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఆడపడుచు గారి అబ్బాయి అబద్ధం చెప్పలేదు. డార్క్ చాక్లెట్‌లో ఇనుము ఉన్నమాట నిజమే. అయితే అది ఎంత ఉంది, ఉన్నదాంట్లో ఒంటికి పట్టేది ఎంత అన్న రెండు లెక్కలు అతను వేయలేదు. ఆ లెక్కలు ఇప్పుడు వేద్దాం. కాని అంతకంటె ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. అమ్మాయి చేత మాత్రలు మళ్ళీ మొదలు పెట్టించండి. ఆ వయసు పిల్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 8 నుంచి 11 లోపు ఉంటే మధ్యరకం రక్తహీనత అంటారు. 8కి తగ్గితే తీవ్రమైన రక్తహీనత క్రిందే లెక్క. మీ అమ్మాయి ఆ గీతకు ఆట్టే దూరంలో లేదు. చాక్లెట్‌ను నమ్ముకుని ఇంకో రెండు మూడు నెలలు గడిపితే గీత దాటిపోవచ్చు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవారిలో ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. అన్నానికి లోటులేని డెల్టా గ్రామాలు కూడా దీనికి మినహాయింపు కావు. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో ఇనుము బహు స్వల్పం. కడుపు నిండినంత మాత్రాన రక్తం పట్టదు సుమా!

మన తోటలోని కాయే

చాక్లెట్ అనగానే అదేదో సీమ సరుకు అనుకుంటాం. నిజానికి దేశంలో కోకో అందరికంటె ఎక్కువ పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. పెదవేగి, ద్వారకా తిరుమల, కామవరపుకోట ప్రాంతాల నుంచి కోనసీమ దాకా కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన అంతర పంటగా కోకో పెరుగుతోంది. కాయ కోస్తే లోపల తియ్యటి పుల్లటి తెల్లని గుజ్జు, అందులో ముప్ఫై నలభై గింజలు ఉంటాయి. వాటిని గుజ్జుతో సహా ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి నూరితే చిక్కని ముద్ద వస్తుంది. ఆ ముద్దలో ఇంచుమించు సగం క్రొవ్వే. దాన్నే కోకో వెన్న అంటారు.

ఈ ముద్దకు పంచదార కలిపితే డార్క్ చాక్లెట్. పంచదార పెంచి పాలపొడి కూడా చేరిస్తే మిల్క్ చాక్లెట్. పొట్లం మీద 70 శాతం అని ఉంటే, నూరు గ్రాములలో 70 గ్రాములు కోకో గింజ నుంచి వచ్చినదనీ, మిగిలిన 30 గ్రాములు దాదాపు అంతా పంచదార అనీ అర్థం. 50 శాతం అని ఉంటే ఇంచుమించు సగం పంచదారే అన్నమాట. రంగు నల్లగా ఉన్నంత మాత్రాన అది మంచి డార్క్ చాక్లెట్ అయిపోదు.

నూరు గ్రాములలో ఏమున్నది?

కోకో 70 నుంచి 85 శాతం ఉన్న చాక్లెట్ నూరు గ్రాములు తీసుకుంటే, సుమారుగా 600 కేలరీల శక్తి, 43 గ్రాముల క్రొవ్వు, 24 గ్రాముల పంచదార, 8 గ్రాముల మాంసకృత్తులు, 11 గ్రాముల పీచు పదార్థం ఉంటాయి. ఖనిజ లవణాలలో ఇనుము 12 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 228, పొటాషియం 715, రాగి 1.8 మిల్లీగ్రాములు. ఇవికాక కాఫీలో ఉండే కెఫీన్ 80 మిల్లీగ్రాములు, దాని తోబుట్టువు లాంటి థియోబ్రోమిన్ 800 మిల్లీగ్రాములు ఉంటాయి.

మిల్క్ చాక్లెట్‌తో పోల్చి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందులో పంచదార 50 గ్రాములకు పైబడి ఉంటుంది, ఇనుము రెండున్నర మిల్లీగ్రాములకు మించదు. కాబట్టి రెండింటిలో ఏది మేలు అని అడిగితే డార్క్ చాక్లెట్టే మేలు. అందులో సందేహం లేదు. చిక్కంతా మోతాదు దగ్గర వస్తుంది.

రెండు ముక్కల లెక్క

ఎవరూ రోజుకు నూరు గ్రాముల చాక్లెట్ తినరు, తినకూడదు కూడా. మీ అమ్మాయి తినే రెండు ముక్కలు ఇరవై గ్రాములు అనుకుందాం. అందులో ఇనుము 2.4 మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అంటే ఆ రెండు ముక్కలు ఇచ్చేది పదమూడో వంతు. మొత్తం చాక్లెట్ ద్వారానే సంపాదించాలంటే రోజూ పావుకిలో పైచిలుకు తినాలి. దానితోపాటు 1600 కేలరీలు, 60 గ్రాములకు పైగా పంచదార లోపలికి పోతాయి. అప్పుడు రక్తం సంగతి దేవుడెరుగు, ముందు నడుం చుట్టుకొలత పెరుగుతుంది.

ఇక మాత్ర సంగతి. మామూలుగా ఇచ్చే పెద్ద ఐరన్ మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రెండు ముక్కల చాక్లెట్ కంటె ఇది పాతిక రెట్లు ఎక్కువ. రెంటినీ ఒక త్రాసులో వేయడమే తప్పు.

ఉన్నది వేరు, పట్టేది వేరు

రెండో లెక్క ఇంకా ముఖ్యమైనది. ఆకుకూరలు, పప్పులు, గింజలలో ఉండే ఇనుమును మన ప్రేగులు తేలికగా పీల్చుకోలేవు. పదింట ఒక వంతు పట్టడమే గొప్ప. మాంసం, కాలేయం, చేపలలో ఉండే ఇనుము అంతకంటె బాగా పడుతుంది. కోకోలో ఉన్నది మొదటి రకం. పైగా కోకోకు ఆ వగరు రుచినిచ్చే పదార్థాలే ఇనుమును పట్టుకుని వదలవు. టీలోనూ ఇలాంటివే ఉంటాయి. 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రొట్టెతో పాటు టీ త్రాగితే ఇనుము పట్టడం నూటికి 79 నుంచి 94 వంతులు తగ్గిపోయింది. కోకో పానీయం త్రాగినప్పుడు 71 వంతులు తగ్గింది. అంటే కోకో తన ఇనుమును తాను పూర్తిగా ఇవ్వకపోగా, ప్రక్కనున్న అన్నం కూరలలోని ఇనుముకు కూడా అడ్డం పడుతుందన్నమాట. అందుకని భోజనం చేసిన వెంటనే చాక్లెట్ గాని, టీ కాఫీలు గాని పుచ్చుకోవద్దని రక్తహీనత ఉన్నవారికి చెబుతాం.

అదే ఇరవై గ్రాముల నువ్వులలో సుమారు మూడు మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు 200 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉన్నాయి. నువ్వుల ఉండ ఖరీదు చాక్లెట్ ఖరీదులో ఎన్నో వంతో మీకే తెలుసు. నువ్వుల ఇనుము కూడా కష్టం మీదే పడుతుంది, అది కూడా మందు కాదు. కాని రోజూ తినే తిండిలో తోటకూర పప్పు, మునగాకు, ఉలవలు, రాగిజావ, నువ్వులు, బెల్లంతో చేసిన వేరుశెనగ ఉండ వంటివి మార్చి మార్చి ఉండాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, భోజనం కాగానే ఒక జామకాయ తిన్నా వాటిలోని విటమిన్ సి వల్ల ఇనుము బాగా పడుతుంది. మాంసాహారులైతే వారానికి రెండు మూడు సార్లు చేప, మాంసం, కాలేయం తినవచ్చు. పులసే కానక్కరలేదు, చెరువు చేప చాలు.

మాత్ర మింగే పద్ధతి

విరేచనం నల్లబడటం చూసి భయపడవద్దు. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము అలా బయటకు పోతుంది. అది హాని కాదు. తారులాగా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. కడుపులో త్రిప్పడం తగ్గాలంటే మాత్రను రాత్రి భోజనం అయ్యాక వేసుకోవచ్చు. పరగడుపున వేసుకుంటే బాగా పడుతుంది గాని, పడనివారికి తిన్న తరువాతే నయం. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే డాక్టరు మాత్ర రకం మార్చగలరు, రోజు విడిచి రోజు ఇవ్వగలరు. చెప్పకుండా మానేయడం మాత్రం పనికిరాదు.

మాత్రను మంచినీళ్ళతోగాని నిమ్మరసంతోగాని మింగాలి. పాలు, టీ, కాఫీ, కాల్షియం మాత్రలు, చాక్లెట్ – వీటికీ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒక గ్రాము అయినా పెరగాలి. పెరగకపోతే కారణం వెదకాలి. అంకె 12కి చేరగానే మానేయకూడదు. ఒంట్లో నిల్వ నిండడానికి మరో మూడు నెలలు వాడాలి. స్కూళ్ళలో, కాలేజీలలో వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలం రంగు మాత్ర రక్తహీనత రాకుండా కాపాడటానికి ఉద్దేశించినది. రక్తం అప్పటికే తగ్గినవారికి వారానికి ఒకటి చాలదు.

కారణం కూడా కనుక్కోండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నదా? ఎన్ని రోజులు ఉంటున్నది? చెప్పులు లేకుండా తడి నేలలో తిరిగేవారికి పాదాల ద్వారా కొంకిపురుగులు ఎక్కి ప్రేగులలో రక్తం పీలుస్తాయి. దానికి మందు వేరే ఉంది. బలపాలు, పచ్చి బియ్యం, ఐసుముక్కలు తినాలనిపించడం కూడా ఇనుము లోపానికి గుర్తే. అమ్మాయిని కోప్పడకుండా అడిగి చూడండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండె దడ ఉన్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఒక హెచ్చరిక. ఐరన్ మాత్రలు చిన్నపిల్లలకు అందనీయకండి. రంగు పూత ఉన్న మాత్రలను బిళ్ళలనుకుని నాలుగైదు మింగితే ప్రాణాపాయం.

గుండెకు మంచిదంటారే?

దీనికీ ఆధారం లేకపోలేదు. కోకోలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలున్నాయి. ఇవి రక్తనాళాల గోడలను కాస్త మెత్తబరుస్తాయి. పనామా దేశపు దీవులలో కోకో పానీయం విరివిగా త్రాగే కూనా తెగవారిలో రక్తపుపోటు తక్కువగా ఉందనీ, వారే నగరానికి వలస వస్తే పెరుగుతున్నదనీ పరిశోధకులు గమనించారు. 2017లో 35 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే కోకో వల్ల తగ్గిన రక్తపుపోటు రెండు పాయింట్ల లోపే అని తేలింది. అమెరికాలో 21 వేలమందికి పైగా వృద్ధులపై జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. అందులో ఇచ్చింది చాక్లెట్ కాదు, ఫ్లావనాల్స్ నింపిన గొట్టం మందు. మొత్తం మీద గుండె జబ్బులు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. గుండె జబ్బు మరణాలు కొంత తగ్గినట్లు కనిపించినా, అది ఇంకా నిర్ధారణ కావలసిన విషయం.

పైగా గింజను పులియబెట్టి వేయించేటప్పుడే ఈ పదార్థాలు చాలా భాగం పోతాయి. చేదు తగ్గడానికి క్షారంతో శుద్ధి చేస్తే ఇంకా పోతాయి. కనుక రక్తపుపోటు మాత్ర మానేసి చాక్లెట్ తినే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ క్షణమే మానుకోవాలి. ఉప్పు, ఊరగాయ తగ్గించి, రోజూ అరగంట నడిస్తే అంతకంటె ఎక్కువ ఫలితం ఉంటుంది.

అత్తగారి షుగరు

డార్క్ చాక్లెట్‌లో క్రొవ్వు, పీచు ఎక్కువ కాబట్టి చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది. కాకినాడ కాజాతోనో, ఆత్రేయపురం పూతరేకుతోనో పోలిస్తే ఒక చిన్న ముక్క నయమే. అంతమాత్రాన అది షుగరుకు మందు కాదు. 85 శాతం కోకో ఉన్నదైతే పది గ్రాముల ముక్క, అది కూడా వేరే తీపి ఏదీ తినని రోజున, షుగరు అదుపులో ఉంటేనే ఇవ్వండి. "షుగర్ ఫ్రీ" అని వ్రాసి ఉన్నదాన్ని చూసి మోసపోవద్దు. అందులో పంచదారకు బదులు వాడే మాల్టిటాల్ వంటివి రక్తంలో చక్కెరను కొంత పెంచుతాయి, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. క్రొవ్వు, కేలరీలు ఎలాగూ ఉంటాయి. మూత్రపిండాలు దెబ్బతిని, పొటాషియం తగ్గించమని చెప్పినవారికి మాత్రం డాక్టరును అడగకుండా పెట్టవద్దు.

ఇంట్లో పొడి చేసుకోవచ్చునా?

మీవారి ప్రశ్న ముచ్చటైనదే. కాయ కోసినప్పుడు గింజ చుట్టూ ఉన్న గుజ్జును పిల్లలు చప్పరిస్తే తప్పులేదు. కాని గింజను సరిగా పులియబెట్టకుండా ఎండబెట్టి వేయిస్తే చాక్లెట్ రుచి రాదు, వగరూ చేదూ మాత్రమే మిగులుతాయి. పులిసేటప్పుడు, ఆరుబయట ఎండేటప్పుడు సూక్ష్మక్రిములు చేరతాయి, తేమ ఉంటే బూజు పడుతుంది. కనుక పచ్చి గింజలు నూరి తినడం మంచిది కాదు. చేసి చూడాలనే ఉంటే బాగా పులిసి, బాగా ఎండిన గింజలనే వేయించి, పొట్టు పూర్తిగా తీసి వాడాలి. పులియబెట్టే పద్ధతి అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో గాని, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో గాని అడిగితే తెలుస్తుంది. పంచదార లేని కోకో పొడి ఒక చెంచా పాలలో కలిపి అప్పుడప్పుడు త్రాగవచ్చు. చాక్లెట్ కంటె అందులో క్రొవ్వు చాలా తక్కువ.

కొనేటప్పుడు, తినేటప్పుడు

పొట్లం వెనుక పదార్థాల పట్టిక చదవండి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు వస్తుంది. పంచదార పేరు మొదట ఉంటే అది మిఠాయి. కోకో ముద్ద మొదట ఉండాలి. కోకో వెన్నకు బదులు వనస్పతి, పామ్ నూనె వంటి క్రొవ్వులు ఉంటే కొనవద్దు.

అమెరికాలో ఒక వినియోగదారుల సంస్థ 2022లో 28 రకాల డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నింటిలోనూ ఎంతో కొంత సీసం, కాడ్మియం కనిపించాయి. కొంత నేలలోంచి, కొంత ఎండబెట్టేటప్పుడు దుమ్ములోంచి చేరతాయి. ఎప్పుడో ఒక ముక్క తింటే భయం లేదు. గర్భిణులు, చిన్నపిల్లలు మాత్రం రోజూ తినే అలవాటు చేసుకోరాదు. పుల్లని త్రేన్పులు, గుండెమంట ఉన్నవారికి, తింటే తలనొప్పి వచ్చేవారికి, మూత్రపిండాలలో ఆక్సలేట్ రాళ్ళు ఉన్నవారికి ఇది సరిపడదు. నిద్ర పట్టనివారు రాత్రిపూట తినకూడదు. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే దానికి చాక్లెట్ పెట్టవద్దు. థియోబ్రోమిన్ దానికి విషం.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి వారంలో మూడు నాలుగు రోజులు, రోజుకు పది నుంచి ఇరవై గ్రాములు, 70 శాతం లేక అంతకు పైబడిన కోకో ఉన్నది అయితే అభ్యంతరం లేదు. భోజనానికీ మాత్రకూ దూరంగా, సాయంత్రం నాలుగైదు గంటల వేళ తినడం మంచిది. తిన్న రోజున కాఫీలో పంచదార ఒక చెంచా తగ్గించుకోండి. మంచి మిఠాయిగా తింటే ఇది మంచిదే. మందుగా నమ్మితేనే ముప్పు.